జిల్లా పేజీలోని కడుపునొప్పి

సంపాదకుల వారికి నమస్కారాలు.

నేను మీ పత్రికకు నలభై ఏళ్లుగా పాఠకుణ్ణి. మొదటి పేజీ కంటే ముందు జిల్లా పేజీ తిరగేయడం ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ నాకున్న అలవాటు. బదిలీల మీద నాలుగు మండలాలు తిరిగినవాడికి తెలిసిన ఊళ్లూ తెలిసిన మనుషులూ కనిపించేది ఆ పేజీలోనే. అందులో ఒక మూలన, నాలుగైదు పంక్తుల్లో, తరచుగా వచ్చే ఒక ఆత్మహత్య వార్త గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఊరి పేరూ వయసూ మారుతుంటాయి గాని వాక్యం మారదు. ‘కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, జీవితంపై విరక్తి చెంది’ అని మొదలై, ‘పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు’ అని ముగుస్తుంది. చనిపోయిన మనిషికి యాభై రెండేళ్లో, అరవై ఎనిమిదేళ్లో, డెబ్బై నాలుగేళ్లో ఉంటాయి. మీ పత్రిక ఒక్కటే అని కాదు, తెలుగు పత్రికలన్నిటిలోనూ ఈ వాక్యం అచ్చు పోసినట్టే ఉంటుంది.

వార్త రాసిన విలేకరిని నేను తప్పుపట్టడం లేదు. ఠాణాలో ఇచ్చిన ఫిర్యాదులో ఏముంటే ఆయన అదే రాస్తాడు. ఫిర్యాదులో ఇంటివాళ్లు చెప్పిందే ఉంటుంది. ఇంటివాళ్లు, ఆ గడియలో, పరువుకు భంగం కలగని కారణం ఏది తోస్తే అది చెబుతారు. కడుపునొప్పి ఎవరికైనా రావచ్చు. దానివల్ల మనవరాలి సంబంధం తప్పిపోదు, కొడుకూ కోడలూ సరిగా చూసుకోలేదన్న మాట పడదు. కడుపునొప్పి అబద్ధమని కూడా నేను అనను. మనసు కుంగినవాడికి నొప్పి నిజంగానే వస్తుంది, ఉన్న నొప్పి రెట్టింపవుతుంది. ఏళ్ల తరబడి నొప్పి పడేవాడికి మనసూ కుంగుతుంది. ఈ రెండింటిలో ఒకదానికే పేరు పెట్టి, రెండోదాన్ని ఊరూ పేరూ లేకుండా వదిలేయడమే నా అభ్యంతరం.

ఇలా అనడానికి నాకున్న అర్హత ఏమిటని మీరు అడగవచ్చు. 1982 నుంచి 2013 వరకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేశాను. నేను చేరిన 1982లోనే కేంద్ర ప్రభుత్వం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించిందనీ, మానసిక వైద్యాన్ని మామూలు ప్రాథమిక వైద్యంలో కలిపివేయడమే దాని ఉద్దేశమనీ నాకు పదవీ విరమణ తర్వాత గాని తెలియలేదు. తెలుసుకోవాలన్న ధ్యాస లేకపోవడం నా లోపమే. మందులిచ్చే కిటికీ దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు నిలబడిన నాకు, ‘దిగులుగా ఉంది’ అని నోరు తెరిచి చెప్పిన పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. మిగిలిన వాళ్లంతా గుండె దడ అనేవారు, తల దిమ్ము అనేవారు, అరికాళ్ల మంటలు, నోరు చేదు, అన్నం సయించకపోవడం, గ్యాసు, ఒళ్లంతా నీరసం అనేవారు. ‘బలానికి సూది వేయించయ్యా’ అని బతిమాలేవారు. వైద్యాధికారి రాసిన బి-కాంప్లెక్స్ బిళ్లలూ, కడుపు మంటకు బిళ్లలూ పొట్లం కట్టి ఇచ్చేవాణ్ణి. పది రోజులకు మళ్లీ అదే మనిషి, అదే వరుసలో ఉండేది. ‘ఆమెకు ఊసుపోక వస్తుంది’ అని సిబ్బంది నవ్వుకునేవారు. ఆ నవ్వులో నేనూ ఉన్నాను.

తెలుగులో ఈ బాధకు మాటలు కరవై కాదు. తెలంగాణలో రంది అంటారు, మనాది అంటారు. మా వైపు దిగులు, బెంగ అంటారు. పాతవాళ్లు మనోవ్యాధి అనేవారు. అయితే ఇన్ని మాటలు ఉన్నా, వాటిలో ఒక్కటీ ఆసుపత్రి ఓపీ చీటీ మీదకు ఎక్కదు. ‘మనోవ్యాధికి మందు లేదు’ అన్న సామెతను మనవాళ్లు ఎంత గట్టిగా నమ్మారంటే, మందు లేనిదానికి ఆసుపత్రికి ఎందుకు వెళ్లడం అన్నది వారికి సహజమైన తర్కం అయిపోయింది.

ఇది నా ఊహ మాత్రమే కాదని చెప్పడానికి ఒక్క లెక్క చాలు. దేశమంతటా 45 ఏళ్లు దాటినవారినీ వారి జీవిత భాగస్వాములనూ కలుపుకుని 72 వేల మందికి పైగా మనుషులను 2017–18లో కలిసి, వారి ఆరోగ్యం, ఆదాయం, కుటుంబ స్థితి గురించి అడిగి తెలుసుకున్న ‘లాసీ’ అనే అధ్యయనం నివేదిక 2021 జనవరిలో వెలువడింది. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ దీన్ని నిర్వహించింది. అరవై దాటిన వారిలో, మీకు కుంగుబాటు ఉందని ఎప్పుడైనా వైద్యులు చెప్పారా అని అడిగితే, అవునన్నవారు 0.8 శాతం. అదే వయసు వారిని లక్షణాల గురించి ఒక్కొక్క ప్రశ్నగా అడిగి చూస్తే, తీవ్రమైన కుంగుబాటు ఉండవచ్చని తేలినవారు 8.3 శాతం. రక్తపోటు విషయంలో ఇంత తేడా వచ్చి ఉంటే ఈపాటికి ఊరూరా శిబిరాలు పెట్టేవాళ్లం. మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసినప్పుడు ఎంపిక చేసిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ కూడా లేదు. తమిళనాడు, కేరళ, ఛత్తీస్‌గఢ్ ఉన్నాయి.

ఇక నా సంగతి. 2013లో 58 ఏళ్లకు పదవీ విరమణ చేశాను. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆ వయసును 60కి పెంచింది, 2022లో 62 చేసింది. ‘కాస్త ఆలస్యంగా పుట్టి ఉండాల్సిందోయ్’ అని మిత్రులు ఇప్పటికీ ఆట పట్టిస్తారు. మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాది చలికాలంలో తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం మొదలైంది. మళ్లీ నిద్ర పట్టేది కాదు. పొద్దున లేస్తే గుండెల మీద బండ పెట్టినట్టుండి, సాయంత్రానికి కొంత తేలికయ్యేది. మీ పత్రిక మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే పడి ఉండేది. కడుపులో, ఎక్కడని వేలు పెట్టి చూపలేని చోట, ఒకటే నొప్పి. ఏడు నెలల్లో ఈసీజీ, ఎకో, రెండుసార్లు స్కానింగు, ఒకసారి ఎండోస్కోపీ చేయించుకున్నాను. అన్నీ నార్మల్. పేరున్న ఒక ఆసుపత్రిలో, నా వంక చూడకుండానే, ‘మీకేమీ లేదండీ, మనవలతో హాయిగా కాలక్షేపం చేయండి’ అని పంపించారు. ఏమీ లేదన్న మాట అంత భయపెడుతుందని నాకు అంతకు ముందు తెలియదు. ఏమీ లేనివాడు ఇంత బాధ పడుతున్నాడంటే వాడిలోనే ఏదో తప్పు ఉండాలి కదా అనిపించేది. ఇంట్లో వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ‘ఈ వయసులో కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక ఎందుకీ ఆలోచనలు’ అన్నది మా అక్కయ్య. ఆమె ప్రేమతోనే అన్నది.

చివరకు ఒక చిన్న పట్టణంలో, ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక వైద్యురాలు నన్ను రెండే ప్రశ్నలు అడిగింది: పొద్దున్న ఎక్కువగా ఉంటుందా, సాయంత్రమా? ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల్లో ఇప్పుడు మానేసినవి ఏవి? థైరాయిడ్, బి12 పరీక్షలు రాసింది, ఎందుకంటే ఆ రెండు లోపాలూ ఇలాంటి లక్షణాలతోనే కనిపిస్తాయి. అవి సరిగా ఉన్నాయని తేలాక మానసిక వైద్యుడి దగ్గరకు పంపింది. ఆయన తక్కువ మోతాదులో మందు మొదలుపెట్టి, ఈ తరహా మందులతో వయసు మీరిన వారిలో కొందరికి ఒంట్లో సోడియం తగ్గుతుందని, రెండు వారాలకు ఆ పరీక్ష కూడా చేయించారు. మొదటి రెండు వారాలు ఏ గుణమూ కనిపించలేదు, పైగా కడుపులో వికారం. ఇక్కడే చాలామంది మందు పనిచేయడం లేదని ఆపేస్తారు. ఇది తలనొప్పి బిళ్ల లాగా గంటలో పనిచేసేది కాదని, పూర్తి ఫలితానికి ఆరేడు వారాలు ఓపిక పట్టాలని ఎవరైనా ముందే కూర్చోబెట్టి చెప్పాలి. నాకు మూడో వారం నిద్ర వచ్చింది. ఆరో వారంలో ఒకరోజు పొద్దున్నే గేటు దగ్గరకు వెళ్లి పత్రిక తెచ్చుకున్నాను. ఏడాది తర్వాత వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గిస్తూ ఆపాను.

అంతా చెప్పి ఇది చెప్పకపోతే అబద్ధమవుతుంది: ఆ ఏడాదంతా ఆ బిళ్లలను బీపీ మందు డబ్బాలో దాచుకుని మింగాను, అల్లుడి కంట పడకూడదని.

మందుల గురించి మరొక్క మాట, పాత అలవాటు వల్ల. కుంగుబాటుకు ఇచ్చే మందులు అలవాటు పడిపోతాయని భయపడేవారిని నేను ఎందరినో చూశాను. ఆ భయపడేవారే, నిద్ర పట్టడం లేదని పక్క వీధి దుకాణంలో ఆల్‌ప్రాజోలామ్ బిళ్లలు తెచ్చుకుని ఏళ్ల తరబడి వేసుకుంటారు. నిజంగా అలవాటు పడేది ఆ నిద్రబిళ్ల. పెద్ద వయసులో తూలి పడటానికీ, తుంటి ఎముక విరగడానికీ, జ్ఞాపకం మసకబారడానికీ అది దారి తీయవచ్చు. చీటీ లేకుండా దాన్ని అమ్మకూడదన్న నిబంధన ఉంది, అమలు సంగతి మీ విలేకరులకు నాకంటే బాగా తెలుసు.

వృద్ధుల కుంగుబాటు అంటే కన్నీళ్లు పెట్టుకుని కూర్చోవడం అనుకుంటాం. చాలామంది ఏడవరు. చిరాకు పడతారు, కంచం ముందు నుంచి లేచిపోతారు, స్నానం వాయిదా వేస్తారు, డబ్బు పోతుందనో పిల్లలకు భారమయ్యాననో అన్నదే అంటారు. దాన్ని మనం చాదస్తం అంటాం. కొందరికి మతిమరుపు వచ్చినట్టే ఉంటుంది. అది డిమెన్షియా అని ఇంట్లోవాళ్లు ఆశ వదులుకుంటారు, తీరా కుంగుబాటుకు వైద్యం చేస్తే ఆ మరుపులో చాలా భాగం తగ్గిపోయిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు. భర్త పోయిన మనిషికి దుఃఖం ఉండదా అని అడుగుతారు. ఉంటుంది, దానికి మందు అక్కరలేదు. కానీ రెండు వారాలు దాటి, రోజులో ఎక్కువ భాగం, దేని మీదా ఆసక్తి లేకుండా, తిండీ నిద్రా చెడి, బతకడం దండగ అన్న మాట నోట వస్తుంటే, దాన్ని వయసు మీదకు నెట్టి ఊరుకోకూడదు.

ముసలివాళ్ల సంగతి సరే, నా కిటికీ దగ్గరకు అందరికంటే ఎక్కువగా వచ్చింది మాత్రం నలభై అయిదు, యాభై ఏళ్ల ఆడవాళ్లు. పైన చెప్పిన నిమ్హాన్స్ సర్వేలో కూడా కుంగుబాటు స్త్రీలలోనూ, 40–49 ఏళ్ల వారిలోనూ ఎక్కువగా కనిపించింది. ఆ వయసు ఇల్లాలి పరిస్థితి ఒకసారి చూడండి. పక్షవాతం వచ్చిన అత్తగారికి పొద్దునా సాయంత్రం ఆమే ఎత్తి కూర్చోబెట్టాలి. కొడుకు ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష కోచింగులో ఉంటాడు, వాడి ఫీజుకు ఆమె మెడలోని గొలుసే తాకట్టులో ఉంటుంది. ముట్టు ఆగే వయసు కనుక ఒళ్లు ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి. పుట్టింట్లో తల్లికి కంటి ఆపరేషను అంటే వెళ్లడానికి రెండు రోజులు తీరిక దొరకదు. ‘తలనొప్పి బిళ్ల ఇవ్వండి బాబాయ్’ అని వస్తుంది. మగవాళ్ల తీరు వేరు. అప్పు గురించి ఇంట్లో చెప్పరు, సాయంత్రం తాగి వస్తారు, తాగుడే జబ్బని అందరూ అనుకుంటారు. ప్రైవేటు కొలువులో ముప్పై ఏళ్లు చేసి, ఈపీఎఫ్ పింఛను చేతికి వచ్చినప్పుడు అది ఎంత తక్కువో చాలామందికి అర్థమవుతుంది. 2014 సెప్టెంబరులో దాని కనీస మొత్తాన్ని నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. వెయ్యి రూపాయలతో నెల గడపమంటే కలిగే ఆందోళనకు మాత్ర రాసి ప్రయోజనం లేదు. కష్టాలన్నీ జబ్బులు కావు, జబ్బులన్నీ కష్టాల వల్లనే రావు; పింఛను పెంచమని అడగడమూ, జబ్బుకు వైద్యం అడగడమూ రెండూ చేయాల్సిందే. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవారి ఒంటరితనం గురించి మీ ఆదివారం సంచికలో ఇప్పటికే చాలా వచ్చింది కనుక దాన్ని వదిలేస్తున్నాను.

ఇప్పుడు అసలు మనవి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ మధుమేహం, రక్తపోటు, క్యాన్సర్ల ముప్పు చూడటానికి ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి నింపే పత్రం ఒకటి ఉంది. ఆ పత్రం చివరి భాగంలో, గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులు ఉంది, దిగులుగా నిరాశగా ఉండటం ఎన్ని రోజులు ఉంది అన్న రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు వరకు మార్కులు. మొత్తం ఒక హద్దు దాటితే ఉపకేంద్రంలో రోగులను చూసే ఆరోగ్య ఉద్యోగి ఎంఎల్‌హెచ్‌పీకో, వైద్యాధికారికో చూపించాలి. అంటే ఆ యువ వైద్యురాలు నన్ను అడిగిన ప్రశ్నకు దగ్గరి ప్రశ్న ప్రభుత్వ కాగితం మీద ఇప్పటికే అచ్చయి ఉంది. మా వీధిలో ఆ పత్రం నింపుతుండగా దగ్గర కూర్చుని చూశాను. పొగాకు గురించి అడిగారు, నడుము చుట్టుకొలత టేపుతో కొలిచారు. చివరి రెండు ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి, అడగకుండానే రెండు సున్నాలు పడ్డాయి. నేను ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఒక ఫోనులో పది రకాల యాప్‌లు నింపుతూ, ఎండలో నలభై గడపలు ఎక్కి దిగే మనిషి ఆమె. పైగా ఆ ప్రశ్న అడిగే తీరు ఎవరూ ఆమెకు నేర్పలేదు. కోడలు గడపలో నిలబడి వింటుండగా, ‘మీకు నిరాశగా ఉంటుందా’ అని అడిగితే ఏ అత్తగారు అవునంటుంది? ఆ రెండు ప్రశ్నలను మాత్రం మనిషిని పక్కకు పిలిచి, వాళ్ల మాటల్లో, ‘ఈ మధ్య దేని మీదా మనసు పోవడం లేదా పెద్దమ్మా’ అని అడగాలి. దీనికి కొత్త పథకం అక్కరలేదు. ఒక్క పూట శిక్షణ, ఇంటికి మరో అయిదు నిమిషాల వ్యవధి చాలు.

అవునన్న మనిషిని ఎక్కడికి పంపాలన్నది దాని వెంటనే వచ్చే ప్రశ్న. మానసిక వైద్యశాల అంటే మనవాళ్లకు తెలిసింది హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం వాల్తేరు వైపు ఉన్న ఆసుపత్రి. ఆ పేర్లు తిట్లుగా కూడా వాడతారు కనుక అరవై ఏళ్ల మనిషిని అక్కడికి రమ్మనడం తేలిక కాదు. కుంగుబాటు మందుల్లో ఫ్లూయోక్సెటిన్, ఎసిటలోప్రామ్, అమిట్రిప్టిలిన్ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. బీపీ బిళ్ల ఇచ్చిన కిటికీలోనే, వైద్యాధికారి రాస్తే, అవి కూడా దొరకాలి. ఆ మనిషి ఏ వరుసలో నిలబడిందో అప్పుడు ఎవరికీ తెలియదు. 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అందుబాటు ఖర్చులో వైద్యం పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని చెబుతోంది. బీమా సంస్థలు ఒంటి జబ్బులతో సమానంగా మనసు జబ్బులకూ బీమా కల్పించాలని కూడా అదే చట్టంలో ఉంది.

మా రాష్ట్రంలో సామాజిక పింఛను ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. 2024 జులై నుంచి వృద్ధులకు అది 4,000 రూపాయలు. ఊళ్లో ప్రతి పింఛనుదారు ముఖం నెలకొకసారి తప్పకుండా చూసే మనిషి ఇంకొకరు లేరు. ఆయన చేత మరో కాగితం నింపించమని నేను అడగను. పోయిన నెల నవ్వుతూ వేలిముద్ర వేసిన ముసలాయన ఈ నెల మంచం మీద నుంచి లేవలేదని గమనిస్తే, ఆశాకు ఒక మాట చెబితే చాలు.

మీ పత్రిక వంతు చివరకు వదిలాను. ఆత్మహత్య వార్తలు ఎలా ప్రచురించాలన్న దానిపై, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా, భారత ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. విధానాన్ని వివరించవద్దనీ, స్థలం వివరాలు ఇవ్వవద్దనీ, శీర్షికలు ఉద్రేకపరిచేలా ఉండవద్దనీ అందులో ఉంది. జిల్లా పేజీలోని నాలుగు పంక్తుల వార్తకు కూడా అవి వర్తిస్తాయి. ‘కడుపునొప్పి తాళలేక’ అని ఒకే కారణం కట్టబెట్టే బదులు ‘కారణాలు తెలియరాలేదు’ అన్నా నష్టం లేదు. ఆ వార్త కింద రెండు నంబర్లు వేయండి. ఒకటి 14416, టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. రెండోది 14567, వయోవృద్ధుల సహాయ కేంద్రం. పింఛను గొడవలు, ఇంట్లో వేధింపులు, ఒంటరితనం దేని గురించైనా ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు చేయవచ్చు. బంగారం ధరకు, పంచాంగానికి రోజూ చోటు ఇస్తున్నారు. పంచాంగం పక్కన వేస్తే ఇంకా మంచిది, మా వయసువాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని చదివే చోటు అదే. అక్షరాలు కాస్త పెద్దవి వేయించండి.

ఈ ఉత్తరం కింద మొదట నా పేరు, ఊరు, ఇంటి నంబరుతో సహా రాశాను. చదివి చూసిన మా ఆవిడ ఏమీ అనలేదు. మనవరాలికి సంబంధం మాట్లాడుతున్న సంగతి మాత్రం గుర్తు చేసింది. కొట్టివేసిన పంక్తి మీకు కనిపిస్తూనే ఉంటుంది. దయచేసి పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
గుంటూరు జిల్లా